ఇంగ్లిష్ మాటల లోతు – 6వ పాఠం: ఎంగేజ్‌మెంట్

పోయిన పాఠంలో 'ఛార్జ్' చూశాం. ఆ అభ్యాసం పూర్తి చేయనివాళ్లు కూడా దీన్ని మొదలుపెట్టొచ్చు. ఈసారి నేర్చుకునేది ఒక్కటే: డిక్షనరీ తెరవకుండా, పక్కనున్న మాటల్ని బట్టి అర్థం పట్టుకోవడం.

ఎంగేజ్‌మెంట్ అనగానే మనకు తోచేది నిశ్చితార్థం. ఫోన్ కలవకపోతే 'ఎంగేజ్ వస్తోంది' అని కూడా మనమే అంటాం. పెళ్లి మాటకీ, ఖాళీ లేని ఫోన్‌కీ చుట్టరికం ఎక్కడ కలిసింది?

ఫ్రెంచ్‌లో 'గాజ్' అంటే తాకట్టు, పూచీ. దాన్నుంచి వచ్చిన 'ఎంగేజ్'కి మొదటి అర్థం పూచీగా పెట్టడం. 'మార్ట్‌గేజ్' చివర ఉన్న గేజ్ కూడా అదే. వస్తువును పూచీ పెట్టడం పోయి, మాటను పూచీ పెట్టడం వచ్చింది. పెళ్లాడతానని మాటిస్తే నిశ్చితార్థం. ఫలానా వేళకు వస్తానని మాటిస్తే అదీ ఎంగేజ్‌మెంటే. పిలుపును మర్యాదగా తప్పించుకోవడానికి ఇంగ్లిష్‌వాళ్లు వాడే 'ప్రయర్ ఎంగేజ్‌మెంట్' ఇక్కడిదే. లాయర్‌ని పెట్టుకోవడం 'ఎంగేజ్ ఎ లాయర్'. ఆడిటర్ పని మొదలుపెట్టే ముందు షరతులు రాసి ఇచ్చే కాగితం 'ఎంగేజ్‌మెంట్ లెటర్'. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఆ పేరు చూసి నవ్వుకోవడం మామూలే.

కట్టుబడినవాడు ఇంకోదానికి దొరకడు. అందుకే ఫోన్ ఎంగేజ్డ్, బ్రిటన్‌లో బాత్‌రూమ్ తలుపు మీద కూడా ఎంగేజ్డ్. అమెరికాలో ఫోన్ అయితే 'బిజీ' అంటారు. గేర్ల పళ్లు ఒకదానిలో ఒకటి పడితే గేర్ ఎంగేజ్ అయినట్టు. కాన్పు దగ్గరపడ్డప్పుడు డాక్టర్ 'హెడ్ ఎంగేజ్ అయింది' అంటే, బిడ్డ తలలో అన్నిటికన్నా వెడల్పైన భాగం తల్లి కటి ఎముకల పైఅంచు దాటి కిందికి దిగిందని. ఆ మాట వినగానే టెన్షన్ పడక్కర్లేదు.

ఇక చిక్కంతా వార్తల్లో ఉంది. ఇద్దరు చిక్కుకుంటే అది కౌగిలీ కావచ్చు, కుస్తీ కావచ్చు. సైన్యం భాషలో ఎంగేజ్‌మెంట్ అంటే పోరు. 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధం ఒక 'నేవల్ ఎంగేజ్‌మెంట్'. ఎప్పుడు, ఎవరి మీద, ఏ మేరకు బలం వాడొచ్చో చెప్పే ఆదేశాలు 'రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్'. దౌత్యవేత్త నోట అదే మాట దాదాపు తలకిందులవుతుంది. 1980లలో అమెరికాలో రీగన్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా విషయంలో 'కన్‌స్ట్రక్టివ్ ఎంగేజ్‌మెంట్' అంది. వర్ణవివక్ష పాలకులను ఆంక్షలతో వెలివేయడం కాదు, మాట్లాడుతూనే మార్పు తేవాలన్నది దాని ఉద్దేశం. ఆ విధానం మీద విమర్శలు చాలానే వచ్చాయి, అది వేరే కథ. మనకు కావలసింది ఇది: ఎంగేజ్‌మెంట్ పక్కన 'ఎనిమీ', 'ఫోర్సెస్' ఉంటే తుపాకులు, 'డైలాగ్', 'పాలసీ' ఉంటే చర్చలు.

అన్నిటికన్నా గట్టి గుర్తు మాత్రం ప్రిపోజిషన్. ఎంగేజ్డ్ 'టు' అంటే పెళ్లి కుదిరింది. ఎంగేజ్డ్ 'ఇన్' అంటే ఒక పనిలో ఉన్నారు. ఎంగేజ్డ్ 'విత్' అంటే ఒక విషయాన్నో మనుషులనో శ్రద్ధగా పట్టించుకుంటున్నారు. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తెలుగులో 'అతనితో నిశ్చితార్థం' అంటాం కాబట్టి, ఆ 'తో' లాక్కొచ్చి 'షి ఈజ్ ఎంగేజ్డ్ విత్ హిమ్' అనేస్తాం. వినేవాడికి ఆమె అతనితో ఏదో పనిలో ఉందనిపిస్తుంది. 'ఎంగేజ్డ్ టు హిమ్' అనాలి. ఈ ఒక్క ముక్క నోటికి పట్టేదాకా పైకి పలకండి.

ఆఫీసుల్లో వినిపించే 'ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్' అంటే ఉద్యోగి మనసు పనిలో ఎంత ఉందన్నది. ఈ ఆలోచనకు విలియం కాన్ 1990లో రాసిన పరిశోధనా వ్యాసాన్ని తొలి మెట్టుగా చెబుతారు. సోషల్ మీడియా ఎంగేజ్‌మెంట్‌లో మనసు లెక్కలోకి రాదు. లైకులు, కామెంట్లు, షేర్లు ఎన్నొచ్చాయన్నదే లెక్క. తిడుతూ పెట్టిన కామెంటూ అందులో కలుస్తుంది, కాబట్టి 'హై ఎంగేజ్‌మెంట్' అని గొప్పగా చెబితే జనానికి నచ్చిందని అనుకోకండి. 'ఎంగేజింగ్ స్పీకర్' అంటే మాత్రం నిజంగానే ఆకట్టుకునే వక్త.

అభ్యాసం. ఈ నాలుగు వాక్యాలకు తెలుగులో అర్థం రాయండి. ఏ పక్కమాట దారి చూపిందో దాని కింద గీత గీయండి.

'హి ఈజ్ ఎంగేజ్డ్ ఇన్ రిసెర్చ్.'
'ది ఆటోపైలట్ ఈజ్ ఎంగేజ్డ్.'
'షి బ్రోక్ ఆఫ్ ది ఎంగేజ్‌మెంట్.'
'ది జనరల్ హ్యాడ్ ఎ లాంగ్ ఎంగేజ్‌మెంట్.'

నాలుగో దానికి రెండు జవాబులున్నాయి. రెండూ రాసి, వాటిని విడదీయడానికి ఏ మాట చేరిస్తే సరిపోతుందో చెప్పండి. జవాబులు 7వ పాఠంలో, 'కమిట్'తో పాటు.