నాటక సదస్సు పెట్టే ముందు జాగ్రత్తలు

షేక్స్‌పియర్, ఆయన కాలపు నాటకాల మీద ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో జరిగే బ్రిట్‌గ్రాడ్ సదస్సును విద్యార్థులే నడుపుతారు. అలాంటిది మీరూ తలపెడితే:

- హాలు, తేదీ ఖాయమయ్యాకే పరిశోధన పత్రాలకు పిలుపు ఇవ్వండి.

- పిలుపులో కాలపరిధి స్పష్టంగా రాయండి. 1576లో లండన్‌లో ‘ది థియేటర్’ అనే నాటకశాల కట్టినప్పటి నుంచి 1642లో నాటకశాలలు మూయించేదాకానా, ఇంకా ముందు నుంచా? షేక్స్‌పియర్ కాలపు ఇతర నాటకకర్తలు మార్లో, మిడిల్టన్, వెబ్‌స్టర్ పేర్లూ వేయండి. లేకపోతే అన్నీ షేక్స్‌పియర్ మీదే వస్తాయి, మిగతావాళ్ల మీద పనిచేసేవాళ్లు వెనకాడతారు.

- విదేశీ విద్యార్థులకు ఆహ్వాన లేఖ త్వరగా పంపండి, వీసాకు టైం పడుతుంది.

- ఒక్కొక్కరికి 20 నిమిషాలు. ‘5 నిమిషాలే’ అన్న కార్డు చూపించడానికి ఒక మనిషిని పెట్టండి. మొదటివాళ్లు సాగదీస్తే, చివర మొదటిసారి మాట్లాడే అమ్మాయికి ప్రశ్నల సమయమే మిగలదు. అది చాలా అన్యాయం.

- స్లైడ్లన్నీ ముందు రోజే ఒకే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించండి.