నట్టల మందు పట్టించినా గుర్రం తేరుకోకపోతే

మూడు నెలలకోసారి మందు తప్పడం లేదు, అయినా డొక్కలు ఎండుతున్నాయి, వెంట్రుక నిగారింపు పోయింది, తిన్న దాణా ఒంటబట్టడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది ఇంకో కంపెనీ మందు కొంటారు. డబ్బా మీద పేరు మారుతుంది గానీ లోపలిది చాలాసార్లు అదే మందు. ముందు లద్దిలో నట్టల గుడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడాలి.

అప్పుడే వేసిన లద్దిలో నేల తగలని ఉండలు రెండు మూడు కవర్లో వేసి, గాలి పిండేసి ముడి వేయండి. వేడికి గుడ్లు పొదిగిపోతే లెక్క తక్కువ వస్తుంది కాబట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. లీటరు గోరువెచ్చని నీళ్లలో 400 గ్రాముల ఉప్పు కలిపితే కాస్త అడుగున మిగులుతుంది. పైన తేరిన నీళ్లే కావాలి. అందులో 28 మి.లీ. తీసుకుని 2 గ్రాముల లద్ది బాగా మెదిపి, టీ జల్లెడతో వడకట్టి, మెక్‌మాస్టర్ స్లైడు (గుడ్లు లెక్కపెట్టడానికి గళ్లు గీసిన గాజు పలక) రెండు గదులూ నింపండి. ఐదు నిమిషాలు ఆగితే గుడ్లు పైకి తేలతాయి. మైక్రోస్కోపు కింద గళ్ల లోపలివి మాత్రమే లెక్కపెట్టి, రెండు గదుల మొత్తాన్ని 50తో గుణిస్తే గ్రాము లద్దిలో ఎన్ని గుడ్లో తెలుస్తుంది. పల్చటి పెంకుతో కోలగా, లోపల కణాలు గుత్తిలా ఉంటే స్ట్రాంగైల్ అనే రకం పేగు నట్టవి. మందపాటి గోధుమరంగు పెంకుతో గుండ్రంగా ఉంటే ఏలికపాము. ఇది ఎక్కువగా గుర్రపు పిల్లల్లోనే.

పెద్ద గుర్రానికి 200 లోపు వస్తే సాధారణంగా మందు అక్కర్లేదు. 500 దాటితే మేత నేలను పాడుచేస్తున్నది అదేనని అర్థం. లాయంలో పది గుర్రాలుంటే గుడ్లలో అధికభాగం రెండు మూడింటి నుంచే వస్తుంది.

మందు ఇచ్చే రోజు ఒక లెక్క, 14వ రోజున ఇంకో లెక్క తీయండి. 800 ఉన్నది 150కి దిగితే తగ్గింది 81 శాతమే. ఇచ్చిన మందు ఐవర్‌మెక్టిన్ అయితే 95, ఫెన్‌బెండజోల్ అయితే 90, పైరాంటెల్ అయితే 85 శాతం కన్నా తక్కువ తగ్గితే ఆ లాయంలో నట్టలు మందుకు మొండికేశాయని అనుమానించాలి.

ఆ మాట అనే ముందు మోతాదు సరిపోయిందో లేదో చూడండి. బరువును కంటితో అంచనా కడితే తరచూ తక్కువే కడతాం. మోచేయి వెనక ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవుతో మళ్లీ గుణించి (అన్నీ సెంటీమీటర్లలో), 11,880తో భాగించండి. చుట్టు 155, పొడవు 135 అయితే సుమారు 273 కిలోలు. కిలోకు 0.2 మి.గ్రా. చొప్పున ఐవర్‌మెక్టిన్ 55 మి.గ్రా. పడుతుంది. పేస్టు సిరంజి రింగును ఆ బరువుకు సరిపోయే గీతకు, అది రెండు గీతల మధ్య పడితే వాటిలో పెద్దదానికి బిగించండి. నోట్లో మేత లేకుండా చూసి, నాలుక మొదట్లో వేసి, మింగేదాకా తల ఎత్తిపట్టాలి. మేత ఉంటే దానితోపాటే మందునూ ఉమ్మేస్తుంది. పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను గుర్రానికి పొడవకండి. సూది పడ్డచోట ప్రాణాంతకమైన చీము పుండ్లు పట్టొచ్చు.

లద్ది లెక్కకు సరిగా దొరకనివాటిలో రెండు చూద్దాం. తోక మొదలు గోడకు రుద్ది వెంట్రుకలు ఊడగొట్టుకుంటుంటే నులిపురుగు కావచ్చు. అది గుడ్లను మలద్వారం చుట్టూ చర్మం మీద అంటిస్తుంది. పొద్దున్నే కడగకముందు పారదర్శక టేపు అక్కడ అద్ది మైక్రోస్కోపు కింద చూడాలి. మందుతోపాటు కొన్ని వారాలు రోజూ ఆ చోటు తుడవాలి, తుడిచిన గుడ్డ మళ్లీ వాడకూడదు. రెండోది పేగు గోడలో గూడు కట్టుకున్న చిన్న స్ట్రాంగైల్ పిల్లలు. లెక్క సున్నా వస్తుంది, గుర్రం మాత్రం విరేచనాలతో క్షీణిస్తుంది. వీటికి ఐవర్‌మెక్టిన్ చాలదు, మోక్సిడెక్టిన్ కావాలి. అదీ డాక్టరు బరువు చూసి చెప్పాకే, ఆరు నెలల్లోపు గుర్రపు పిల్లలకు అసలు వద్దు. ఏలికపాములు కిక్కిరిసిన పిల్లకు బలమైన మందు ఒక్కసారిగా ఇస్తే చచ్చిన పాములు పేగుకు అడ్డంపడి శూల వస్తుంది. ఇక్కడా డాక్టరును అడగాల్సిందే.

మేత నేల మీది లద్దిని వారానికి రెండుసార్లు ఎత్తండి, వానాకాలంలో ఇంకా తరచుగా. పచ్చి లద్దిని మేత పొలానికి ఎరువుగా చల్లకుండా కుప్ప వేసి, మాగేదాకా తిరగేస్తూ ఉంచండి. ఏప్రిల్, మే ఎండలకు గడ్డి మీది పురుగు పిల్లలు చాలావరకు చస్తాయి. అప్పుడు లాయం మొత్తానికి మందు పోస్తే మిగిలేవి మందుకు లొంగనివే, వానలు పడగానే పెరిగేవీ అవే. గుర్రాలు మేసిన చోట ఆ తర్వాత గేదెలను తోలితే గడ్డి మీది గుర్రపు నట్టలు వాటి కడుపులో పడి దాదాపు అన్నీ చస్తాయి.