ప్రమాద నివేదిక చదవడం నేర్చుకుందాం - 4: కంప్యూటర్ ఏమనుకుంది?

పోయిన పాఠంలో సంఘటనలను వరసగా కాగితం మీద పెట్టడం చూశాం. ఈసారి ఆ కాగితం మధ్యలో ఒక నిలువు గీత గీయండి. ఎడమవైపు 'జరిగింది', కుడివైపు 'కంప్యూటర్ అనుకున్నది' అని రాసుకోండి. ఈ గీత లేకుండా చదివితే "సాఫ్ట్‌వేర్ ఫెయిలైంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అసలు సంగతి చేజారిపోతుంది.

మన ఉదాహరణ గువామ్ దీవిలోది. 2008 ఫిబ్రవరి 23న ఆండర్సన్ వైమానిక స్థావరం నుంచి 'స్పిరిట్ ఆఫ్ కాన్సాస్' అనే అమెరికా బీ-2 బాంబర్ బయల్దేరింది. రన్‌వే వదిలీ వదలగానే కూలిపోయింది. ఖరీదు దాదాపు 140 కోట్ల డాలర్లు. పైలట్లిద్దరూ ఎజెక్ట్ అయి, అంటే సీటుతో సహా బయటికి ఎగిరి, ప్రాణాలతో బయటపడ్డారు.

ఎడమవైపు మొదటి వాక్యం టేకాఫ్ గురించి రాశారా? కొట్టేయండి. వానతో మొదలుపెట్టాలి. బీ-2కి గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్లు 24 ఉంటాయి. విమానం వేగం ఎంత, గాలికి ఏ కోణంలో ఉంది అన్నది కంప్యూటర్ వీటిని బట్టే లెక్కకడుతుంది. వాటిలో మూడింటిలో తేమ చేరింది. ఆ తేమ ఉండగానే క్యాలిబ్రేషన్ చేశారు, అంటే సెన్సార్ల కొలతను సరిచేశారు.

దీని ఫలితం అర్థం కావాలంటే కూరగాయల బండి మీది ఎలక్ట్రానిక్ కాటా చాలు. తడి గోనెసంచి పరిచి సున్నా చేశారనుకోండి. ఎండకు సంచి ఆరిపోయాక కాటా మైనస్ చూపిస్తుంది. కాటా చెడిపోలేదు, సున్నా పెట్టిన సమయం చెడ్డది. ఇక్కడ ఎండ పని చేసింది సెన్సార్లను వేడిచేసే హీటర్. టేకాఫ్‌కి ముందు దాన్ని ఆన్ చేయగానే తేమ ఆవిరైంది, లెక్క తప్పింది.

ఇప్పుడు రెండు వైపులా పక్కపక్కనే నింపండి. ఎడమ: అసలు వేగం చూపిస్తున్నదానికంటే 12 నాట్లు (గంటకు దాదాపు 22 కిలోమీటర్లు) తక్కువ. కుడి: వేగం సరిపోయింది. పైలట్లు తెర మీది అంకె నమ్మి విమానాన్ని లేపారు. చక్రాలు నేల వదిలాయి. ఈ వాక్యం కింద గీత పెట్టండి, ఎందుకంటే ఆ క్షణంలో కంప్యూటర్ నేల మీది నియమాలు వదిలేసి గాలిలోని నియమాలకు మారింది. కుడి: ముక్కు కిందికి వాలి ఉంది, ఎత్తాలి. ఎడమ: ముక్కు కిందికి లేనే లేదు. ఎవరూ అడగకుండానే కంప్యూటర్ ముక్కును 30 డిగ్రీలు పైకి లేపేసింది. అసలే వేగం తక్కువ. విమానం స్టాల్ అయి, అంటే రెక్కలకు గాలి ఎత్తు చాలక, ఎడమ రెక్క కొస నేలను గీరింది.

కుడివైపు మాత్రమే చదివితే కంప్యూటర్ చేసిన ప్రతి పనీ సబబుగానే కనిపిస్తుంది. నన్ను ఎక్కువగా కుదిపింది మాత్రం ఇంకో సంగతి. ముందు హీటర్ వేసి తేమ పోగొట్టి, ఆ తర్వాత క్యాలిబ్రేషన్ చేయాలన్న కిటుకు 2006 నుంచే కొందరికి తెలుసు. అది మాన్యువల్‌లోకి ఎక్కలేదు, నోటిమాటగానే ఉండిపోయింది.

ఇక మీ వంతు. 2025 జనవరి 28, అలాస్కాలోని ఐల్సన్ స్థావరం, ఎముకలు కొరికే చలి. అమెరికా ఎఫ్-35 యుద్ధవిమానం ఒకదాని ల్యాండింగ్ గేర్ (చక్రాల అమరిక)లోని హైడ్రాలిక్ ద్రవంలో నీళ్లు కలిసి గడ్డకట్టాయి. ముందు చక్రం పక్కకు తిరిగి బిగుసుకుపోయింది. పైలట్ గాలిలోనే దాదాపు 50 నిమిషాలు ఇంజనీర్లతో ఫోన్‌లో మాట్లాడాడు. చక్రం సరవుతుందేమోనని రెండుసార్లు రన్‌వేకి తాకించి లేపాడు. రెండోసారి తర్వాత, గాలిలో ఉన్న విమానం నేల మీద ఉన్నట్టు సెన్సార్లు చెప్పాయి. విమానం అదుపు తప్పింది, పైలట్ ఎజెక్ట్ అయ్యాడు.

రెండు వైపులా నింపండి. గువామ్‌లో గీత పెట్టిన వాక్యానికి ఇక్కడ జోడీ ఏదో వెతకండి. ఆ 50 నిమిషాల ఫోన్‌కాల్‌ని మాత్రం ఎటువైపూ రాయకండి. దానికి ఇంకో నిలువు గీత కావాలి, అది వచ్చే పాఠంలో.