ఎస్టీపీ నీళ్ళు ఏటిని ఏం చేస్తున్నాయో మనమే చెక్ చేసుకోవడం ఎలా

చిన్న ఊరి ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్, బాగా పనిచేస్తుందో లేదో అది ఏట్లోకి నీళ్ళొదిలే పైపు దగ్గర నిలబడి చూస్తే తెలీదండి, ఎందుకంటే అమోనియా కలిసిన నీళ్ళు కూడా అద్దంలా తేటగానే కనిపిస్తాయి. ఏటినే అడగాలి. దానికి తెల్లవారుజామున లేవాలి, అదొక్కటే కష్టం.

ఎందుకంటే పగలు నాచు ఎండకి ఆక్సిజన్ వదుల్తుంది, అందుకని మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే చచ్చిపోతున్న ఏరు కూడా బ్రహ్మాండంగా ఉన్నట్టు చూపిస్తుంది. రాత్రంతా అదే నాచు, చేపలు, బాక్టీరియా అన్నీ ఆక్సిజన్ పీల్చుకుంటాయి కాబట్టి సూర్యుడు రాకముందు అది అన్నిటికన్నా తక్కువుంటుంది, చేపలు చచ్చేది ఎక్కువగా అప్పుడే.

మూడు చోట్ల చూడండి. పైపుకి ఎగువన ఒకటి, పైపు కిందుగా అదే ఒడ్డున ఒకటి, ఇంకో ఒకట్రెండు కిలోమీటర్లు దిగువన ఒకటి. అదే ఒడ్డు అని ఎందుకంటున్నానంటే ప్లాంట్ నీళ్ళు వెంటనే కలవవు, చాలా దూరం ఆ ఒడ్డునే పట్టుకుని పోతాయి, మీరు అవతలి ఒడ్డున బాటిల్ ముంచితే ఎగువ నీళ్ళనే పట్టుకొస్తారు. మూడోది అస్సలు వదలొద్దు, మిగిలిన మురికిని బాక్టీరియా తింటూ ఆక్సిజన్ వాడుకోవడానికి టైం పడుతుంది కదా, అందుకే చాలాసార్లు అసలు దెబ్బ పైపు దగ్గర కాదు, దిగువన పడుతుంది. ఎగువన చూడకుండా మాత్రం ప్లాంట్ వాళ్ళని అనకండి, ఆ మురికి పైనుంచే వస్తుండొచ్చు, అక్కడ రాత్రింబగళ్ళు పనిచేసే వాళ్ళకి అది అన్యాయం.

ఆక్సిజన్‌కి చుక్కల కిట్ అయినా మీటర్ అయినా సరే, బాటిల్ నీళ్ళలోపలే నింపి అక్కడే మూత పెట్టండి, లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు. నీళ్ళ టెంపరేచర్ కూడా రాస్కోండి, 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో మహా అయితే సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే, అది తెలీకపోతే ఎండాకాలం అంకె చూసి ఊరికే కంగారుపడతారు. 5 కన్నా తగ్గితే చాలా చేపలకి ఇబ్బంది, 2 కన్నా తగ్గితే బతికేవి బాగా తక్కువ. అమోనియా చూస్తే పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) కూడా చూడండి, పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అది ఎక్కువ విషమవుతుంది.

నన్నడిగితే కిట్‌కన్నా రాయి మంచి సాక్షి. కిట్ ఆ నిమిషం సంగతే చెప్తుంది, రాయి కింద బతికే పురుగులు నెలల సంగతి చెప్తాయి. తోక దగ్గర మూడు వెంట్రుకల్లాంటివి ఉండే మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువులు అంటించుకుని చిన్న గొట్టం కట్టుకునే పురుగులు ఎగువన ఉండి దిగువన మాయమయ్యాయా, వాటి బదులు బురదలో ఎర్రటి సన్నటి పురుగులే కుప్పలుగా ఉన్నాయా, అయితే ఆక్సిజన్ చాలట్లేదు. రాళ్ళకి బూడిద రంగు దూదిలా జిగురుగా పట్టిందంటే అది నాచు కాదు, మురుగు మీద పెరిగే బాక్టీరియా. చూశాక రాయి ఎలా ఉందో అలాగే పెట్టేయండి ప్లీజ్, అది వాటి ఇల్లు.

నురగ చూసి భయపడకండి, గోధుమ రంగులో ఆకుల వాసనొస్తే అది మామూలుగా వచ్చేదే అయ్యుండొచ్చు, తెల్లగా సబ్బు వాసనొస్తే రాస్కోండి.

గ్లవ్స్ తప్పనిసరి, చేతికి దెబ్బ ఉంటే నీళ్ళలో పెట్టొద్దు, ఒంటరిగా వెళ్ళొద్దు, ఏరు పొంగుతుంటే అసలే వద్దు. పెద్ద వాన తర్వాత నీళ్ళు తగ్గాక ఒకసారి మాత్రం వెళ్ళండి, వాననీళ్ళు, మురుగు ఒకే లైన్లో పోయే ఊళ్ళలో ప్లాంట్ పట్టక శుద్ధి కాకుండానే ఏట్లోకి పొర్లిపోతుంది.

తేదీ, టైం, వాతావరణం, ఫొటోలు అన్నీ ఒక నోట్‌బుక్‌లో పెట్టి నాలుగైదుసార్లు చూశాక ప్లాంట్ వాళ్ళ దగ్గరికెళ్ళండి, అవే తేదీల బీఓడీ (నీళ్ళలో మురికిని తినడానికి బాక్టీరియాకి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే అంకె), అమోనియా రికార్డులు అడగండి. బీఓడీ టెస్ట్‌కి 3 నుంచి 5 రోజులు పడుతుంది కాబట్టి నిన్నటి అంకె ఇవాళ అడిగితే వాళ్ళ దగ్గరా ఉండదు, ఓ వారం ఆగి వెళ్ళండి.