స్క్వాట్‌లో మడమలు లేస్తుంటే
క్లయింట్ కిందికి దిగేకొద్దీ మడమలు లేస్తుంటే, వాటి కింద రెండున్నర కిలోల ప్లేట్లు పెట్టి మళ్లీ చేయించండి. ఒళ్లు ముందుకు వాలకుండా లోతుగా దిగగలిగితే లోపం చాలావరకు చీలమండ బిగుతుదే.

తర్వాత గోడ పరీక్ష. బొటనవేలు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించాలి. తాకకపోతే, దూరం తగ్గించి అదే కదలికను వ్యాయామంగా ఇవ్వండి: ఒక్కో కాలికి 12 సార్లు, 2 సెట్లు. మోకాలు రెండో వేలి మీదుగా సాగాలి. పాదం లోపలికి కుంగితే మోకాలు గోడను తాకినట్టే ఉంటుంది, చీలమండ మాత్రం పెద్దగా కదలదు. ట్రైనర్లు మోసపోయేది ఇక్కడే.

వెంటనే తేలికపాటి డంబెల్‌తో గాబ్లెట్ స్క్వాట్ (బరువును రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని చేసే స్క్వాట్) 8 సార్లు చేయించండి, లేకుంటే వచ్చిన కదలిక నిలవకపోవచ్చు. ఇదంతా వార్మప్‌లో పది నిమిషాల పని. గంటంతా ఇదే చేయిస్తే కాళ్లకు బలం ఎక్కడిది? చీలమండ ముందువైపు గుచ్చినట్టు నొప్పి వస్తే ఆపేసి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపండి.