లిటిల్ లేక్స్ వ్యాలీలో ట్రౌట్ చేపల వేటకు
కాలిఫోర్నియా సియెర్రా కొండ చెరువులకు జూలై నెలాఖరు మంచిది. జూన్‌లో చాలా చోట్ల మంచు కరగదు. బిషప్ ఊరికి వాయవ్యాన, రాక్ క్రీక్ రోడ్డు చివర మస్కిటో ఫ్లాట్ వద్ద, 10,000 అడుగులు దాటిన ఎత్తులో ఈ లోయకు నడక మొదలు. పేరుకు తగ్గట్టే దోమలు! బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతం) నుంచి వచ్చీ రాగానే ఎక్కితే ఆ ఎత్తుకు తలనొప్పి రావచ్చు. ముందు రాత్రి ఆ చుట్టుపక్కలే పడుకోండి. 16 ఏళ్లు నిండితే చేపల లైసెన్సు, గుడారం వేస్తే పర్మిట్ తప్పనిసరి.

నన్నడిగితే ఈ లోయలోని లాంగ్ లేక్ అనే చెరువు చాలు. వాగు వచ్చి కలిసే చోట, లేత పచ్చ నీరు నల్లబడే అంచుకు ఆవల చిన్న స్పిన్నర్ (నీటిలో గిరగిర తిరిగే లోహపు ఎర) విసిరి, కాసేపు మునగనిచ్చి, నెమ్మదిగా చుట్టండి. బ్రూక్ ట్రౌట్ జానెడే ఉంటుంది, కానీ ఉప్పూ కారం పట్టించి వేయిస్తే ముల్లు కూడా వదలరు. మధ్యాహ్నం ఉరిమితే మాత్రం గాలం కర్ర దించి, వెంటనే దిగిపోండి.