రోడ్ బైక్ బ్రేక్ లివర్ అందట్లేదా? స్క్రూ తిప్పే ముందు ఇవి చూడండి

ఒడిశాలోని కొరాపుట్, సునాబెడ, జయపురం వైపు రోడ్ బైక్ తొక్కే మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఒక్కటే. "అన్నా, బ్రేక్ లివర్ అందట్లేదు. ఆ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పాలి?"

ఆ స్క్రూ అంటే లివర్‌ని హ్యాండిల్ బార్‌కి దగ్గరికీ దూరానికీ జరిపేది. ముందు చేతిలో ఉన్న ఎల్‌కీ కింద పెట్టండి. రిమ్ బ్రేకు బండి అయితే రబ్బర్లని రిమ్ముకి నొక్కే కాలిపర్ పక్కన చిన్న పిడి ఒకటి ఉంటుంది, క్విక్ రిలీజ్. చక్రం తీయడానికి దాన్ని ఎత్తుతాం, పంక్చర్ వేసి చక్రం బిగించాక దించడం మర్చిపోతాం. అది ఎత్తి ఉన్నంతసేపూ బ్రేకు రబ్బర్లు రిమ్ముకి దూరంగా ఉంటాయి, లివర్ చాలా దూరం ఉత్తినే వచ్చేస్తుంది. దీన్ని చూడకుండా వైరు బిగించి, స్క్రూ తిప్పి, ఆఖరికి పిడి దించగానే చక్రం కదలక మళ్లీ అన్నీ విప్పుకునేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. రెండు సెకన్ల పని ఇది. వంగినప్పుడే రబ్బర్లలో గాట్లు మిగిలాయో లేదో కూడా చూసేయండి. అరిగిపోయిన రబ్బర్లు పెట్టుకుని లివర్ సర్దడం దండగ.

హుడ్స్ మీద చేతులు పెడితే అందట్లేదు, మణికట్టు నొప్పి

హుడ్స్ అంటే లివర్ల పైన రబ్బరు తొడుగు ఉండి, చేతులు ఆనించే చోటు. ఇది చాలాసార్లు స్క్రూ పని కాదు. హ్యాండిల్ బార్ ముందుకి తిరిగిపోయి హుడ్స్ నేలచూపులు చూస్తుంటాయి. చేతులు కిందికి జారుతుంటే వేళ్లు లివర్ మీద ఎలా నిలుస్తాయి? బార్‌ని పట్టి ఉంచే స్టెమ్ ముందు బోల్టులు వదులు చేసి, బార్ పై భాగం నుంచి హుడ్ దాకా చెయ్యి సాఫీగా సాగేలా, లేదా హుడ్ కొద్దిగా పైకి ఉండేలా తిప్పండి. బోల్టులు సమానంగా, మార్చి మార్చి బిగించాలి. ఎంత బిగించాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, చాలావాటి మీద 5 న్యూటన్ మీటర్లని ఉంటుంది. కార్బన్ బార్ అయితే ఆ అంకె దాటనే దాటొద్దు.

బార్ సరిగ్గానే ఉండి లివర్ ఒక్కటే కిందికి జారి ఉంటే, హుడ్ రబ్బరు మడిచి లోపలి బోల్టు వదులు చేసి పైకి జరపండి. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండాలి. కంటి అంచనా నమ్మకండి, స్కేలు పెట్టి కొలవండి.

డ్రాప్స్‌లో పట్టుకుంటే వేళ్లు అందట్లేదు

డ్రాప్స్ అంటే బార్ కిందికి వంగిన భాగం. ఇదీ అసలు స్క్రూ పని. మోడల్‌ని బట్టి అది లివర్ ఇరుసు దగ్గరో, హుడ్ రబ్బరు ముందు అంచు ఎత్తితేనో కనిపిస్తుంది. చాలావాటిలో కుడికి తిప్పితే లివర్ బార్ దగ్గరికి వస్తుంది. పాత మోడళ్లు కొన్నిటికి స్క్రూ ఉండదు, సందులో పెట్టే ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. శ్రామ్ కంపెనీ లివర్లు చాలావాటిలో బ్రేకుదీ గేర్ మార్చే ప్యాడిల్‌దీ విడివిడి సర్దుబాటు కాబట్టి, ఒకటి జరిపితే రెండోదీ చూసుకోవాలి.

ఎన్ని చుట్లు అన్నదానికి లెక్క లేదు. అర చుట్టు తిప్పండి, చూడండి, మళ్లీ అర చుట్టు. బొటనవేలు బార్ చుట్టూ ఉండగానే చూపుడు వేలి మొదటి కణుపు లివర్ మీద పడిందంటే చాలు, అక్కడ ఆపేయండి. తర్వాత రెండు వేళ్లతో గట్టిగా నొక్కి చూడండి. బార్‌ని పట్టుకున్న మిగతా వేళ్లు లివర్ కింద నలగకూడదు. దగ్గరికి తెచ్చినకొద్దీ నొక్కడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది. ఎంత దగ్గరైతే అంత సుఖం అనుకునేవాళ్లు మర్చిపోయేది అదే.

స్క్రూ తిప్పాక రబ్బరు రిమ్ముకి రాసుకుంటే కంగారు పడొద్దు. లివర్ లోపలికి జరిగినప్పుడు వైరుని కొంచెం లాగుతుంది. కాలిపర్ దగ్గర వైరు బిగువు సర్దే బ్యారెల్‌ని లోపలికి తిప్పి వదులు చేయండి. అది చాలకపోతే వైరు బోల్టు విప్పి మళ్లీ పట్టించాలి.

ఇంటి దగ్గర బాగుంది, ఘాట్‌లో లివర్ బార్‌కి తగిలింది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. బండి ఇంటి ముందు నిలబెట్టి నొక్కితే బ్రేకు చక్కగా పడుతుంది. సెమిలిగుడ బజారులోనూ ఇబ్బంది లేదు. పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగుతూ, ముందు లారీ ఉందని కసిగా నొక్కేసరికి లివర్ ఒక్కసారిగా జారి బార్‌ని తాకుతుంది. కిందికి దిగాక చూస్తే వైరు తెగలేదు, బోల్టు జారలేదు. స్క్రూ ఎక్కువ తిప్పామేమోనని దాన్ని వెనక్కి తిప్పేస్తారు. లివర్ మళ్లీ దూరమవుతుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది.

తప్పు బార్‌కి చుట్టిన టేపు కింద ఉంది. వైరు పైన ఉండే నల్ల తొడుగు, అదే అవుటర్, దాని చివర లివర్ లోపలి గుంటలో పూర్తిగా కూర్చోవాలి. కొత్త టేపు చుట్టేటప్పుడు అది రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. లేదా చివర ఏటవాలుగా కోసి ఉండటంతో గుంట అంచు మీదే నిలబడుతుంది. మెల్లగా నొక్కినంతసేపూ టేపు బిగువు దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. ఘాట్‌లో పడే బలానికి గుంటలోకి దిగిపోతుంది. వైరులో వచ్చిన ఆ మూడు మిల్లీమీటర్ల వదులు లివర్ చివర వేలి మందం అవుతుంది. మీరు స్క్రూతో లివర్‌ని ముందే దగ్గరికి తెచ్చి ఉంటే, మిగిలిన కాస్త దూరాన్నీ అదే తినేస్తుంది. అందుకే ఇది ఎక్కువగా లివర్ సర్దిన తర్వాతే బయటపడుతుంది, నింద స్క్రూ మీద పడుతుంది.

కనిపెట్టడం కష్టం కాదు. బండి నిలబెట్టి హ్యాండిల్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ ముందు రబ్బర్లను చూడండి. అవి దగ్గరికీ దూరానికీ కదిలాయంటే అవుటర్ పొట్టిదైనా అయి ఉండాలి, సరిగ్గా కూర్చోనిదైనా అయి ఉండాలి. తర్వాత హుడ్ మడిచి, టేపు పై చుట్లు కొన్ని విప్పి, అవుటర్ లివర్‌లోకి దూరే చోట వేలు పెట్టి గట్టిగా నొక్కండి. వేలి కింద కదలిక తెలిస్తే దొంగ దొరికినట్టే.

బాగుచేయాలంటే టేపు మొత్తం విప్పాల్సిందే, దగ్గరిదారి లేదు. వైరు బయటికి లాగి, అవుటర్ చివరని మంచి కట్టర్‌తో నిటారుగా కోయండి. మామూలు కటింగ్ ప్లేయర్‌తో కోస్తే చివర నలుగుతుంది. ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతే సూదితో తెరవండి. అవుటర్ చివరకి చిన్న టోపీ పెట్టాలో వద్దో లివర్ మోడల్‌ని బట్టి ఉంటుంది, పాతది ఎలా ఉందో చూసి పెట్టండి. వైరు బిగించాక, టేపు చుట్టకముందే, లివర్‌ని బలం కొద్దీ ఓ పదిసార్లు నొక్కండి. సర్దుకునేదేదో అప్పుడే సర్దుకుంటుంది. వదులొస్తే మళ్లీ బిగించి, అవుటర్‌ని కరెంటు టేపుతో బార్‌కి కట్టేసి, ఆ తర్వాతే బార్ టేపు.

కోసిన చివరని ఓసారి పరీక్షగా చూడండి. స్ప్రింగులా చుట్టిన ఇనుప పట్టీ కనిపిస్తే అది బ్రేకు అవుటర్. గుండ్రంగా పేర్చిన సన్న తీగల చివర్లు చుక్కల్లా కనిపిస్తే గేరు అవుటర్, బ్రేకు బలానికి పగిలిపోవచ్చు. చిన్న ఊళ్ల షాపుల్లో రెండూ ఒకే కొక్కేనికి వేలాడుతుంటాయి, పైకి తేడా తెలియదు. బ్రేకు కోసమే ప్రత్యేకంగా తీగలతో చేసినవీ ఉన్నాయి గానీ, వాటి ప్యాకెట్ మీద ఆ సంగతి రాసి ఉంటుంది. వైరు తల కూడా అలాంటిదే. రోడ్ లివర్‌కి బేరిపండు ఆకారపు తల కావాలి. మామూలు సైకిల్ వైరు గుండు తల దానిలో వంకరగా ఇరుక్కుంటుంది.

మిగతావి

లివర్ వదిలినా వెనక్కి రాకపోతే ఇరుసు దగ్గర మట్టి చేరి ఉంటుంది, తుడిచి చుక్క నూనె వేయండి. హైడ్రాలిక్ డిస్క్ లివర్ మెత్తగా, పిండిలా ఉంటే గాలి చేరింది, బ్లీడ్ చేయించండి, అంటే ఆ గాలి తీయించండి, స్క్రూతో సంబంధం లేదు. రోడ్ లివర్‌కి వి-బ్రేకు తగిలించి ఉంటే రెండింటికీ వైరు లాగే కొలతే వేరు, ఎంత సర్దినా కుదరదు. ఏది బాగుచేసినా మొదటి పరీక్ష చదును రోడ్డు మీద చేయండి, ఘాట్ మీద కాదు.